వెనుదిరిగి చూచిన సంవత్సరం

గడచిన కాలం మీద మమకారం మానవునికి సహజం. ఏ తరం వారిని అడిగినా తమ చిన్ననాడు మామిడిపండ్లు ఇంతకంటే తీయగా ఉండేవనీ, పాటలు ఇంతకంటే మధురంగా ఉండేవనీ చెబుతారు. ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో వ్యాసుడు తల్లి సత్యవతితో మాటలాడుతూ, రానున్న దినాల కంటే గడచిన దినాలే మేలని హెచ్చరిస్తాడు. ఆ మాటను మనం సామెతగా చేసుకొని వాడుకొంటున్నాము గాని, అది పుట్టిన సందర్భాన్ని మరచినాము. పాండురాజు మరణించిన దుఃఖంలో, వంశానికి రాబోయే నాశాన్ని ముందుగా ఎరిగినవాడు పలికిన పలుకు అది. గతాన్ని మెచ్చుకొనే మాట వెనుక తరచు ఒక దుఃఖమో, ఒక భయమో పొంచి ఉంటుంది.

అమెరికా దేశంలో నేడు నలుబది, ఏబది ఏండ్ల ప్రాయంలో ఉన్నవారు 1994వ సంవత్సరాన్ని తలచుకొనే తీరు చూచినప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి వస్తుంది. ఆ యేటి సినిమాలు, పాటలు, టెలివిజన్ కథలు వారికి విడిచివచ్చిన పుట్టినూరు వంటివి. నిజానికి ఆ యేటి పంట తక్కువది కాదు. జూన్‌లో 'ది లయన్ కింగ్', జూలైలో 'ఫారెస్ట్ గంప్', అక్టోబరులో 'పల్ప్ ఫిక్షన్' వచ్చినవి. సెప్టెంబరు 19న 'ఈఆర్' అనే ఆసుపత్రి కథ, మూడు దినాల తరువాత 22న 'ఫ్రెండ్స్' అనే హాస్య కథ టెలివిజన్‌లో మొదలైనవి. మరియా కేరీ పాడిన క్రిస్మస్ పాట ఒకటి ఆ యేడే పుట్టినది. ఇరువది అయిదేండ్ల తరువాత, 2019 డిసెంబరులో, అది మొదటిసారిగా 'బిల్‌బోర్డ్' పట్టికలో అగ్రస్థానాన్ని అందుకొన్నది. 'ఫ్రెండ్స్'లో నటించిన మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరులో తన 54వ యేట మరణించినప్పుడు, ఎన్నడూ ఆయనను ఎదుట చూడనివారు సైతం ఇంటిమనిషి పోయినట్లు విలపించినారు. వారు విలపించినది ఆయన కొరకు మాత్రమే కాదు. తమ గడచిన వయస్సు కొరకు కూడ.

ఇంతటి మమకారానికి కారణం ఏమిటని విచారిస్తే ఒక సంగతి తోస్తుంది. పూర్వం మన పల్లెలలో తోలుబొమ్మలాట ఆడేనాడు ఊరంతా ఒకే తెర ముందు కూర్చొనేది. కేతిగాడు, బంగారక్క ఆడిన మాటలకు పెద్దలు, పిల్లలు ఒక్కసారిగా నవ్వేవారు. మరునాడు చెరువుగట్టున, రచ్చబండ మీద అందరి నోటా అవే మాటలు. 1994 నాటి అమెరికాకు టెలివిజన్ అట్టి తెర. గురువారం రాత్రి చూచిన కథను శుక్రవారం ఉదయం కార్యాలయంలో అందరూ చెప్పుకొనేవారు. నేడు ఎవరి చేతిలోని తెర వారిది. ఎవరి వేళ వారిది. 2004 మే 6న 'ఫ్రెండ్స్' చివరి భాగాన్ని 5 కోట్లకు పైగా జనం ఒకే రాత్రి చూచినారు. కల్పిత కథ కొరకు అంతమంది ఒకచోట కూడడం ఆ పిమ్మట అరుదైపోయినది. కనుక వారు తలచుకొంటున్నది కొన్ని కథలను మాత్రమే కాదు, ఆ కథలను పదిమందితో కలిసి చూచిన అనుభవాన్ని.

అయితే ఇందులో ఒక వింత ఉన్నది. నేటివారు ఏ సంవత్సరాన్ని తలచుకొని నిట్టూరుస్తున్నారో, ఆ సంవత్సరం కూడ తనకు ముందటి కాలాన్ని తలచుకొని నిట్టూర్చినది. ఆ యేటి ముఖ్య ఘట్టాలను వరుసగా పరిశీలిస్తే ఈ సంగతి తేటపడుతుంది.

పాత పాటలు, పాత బురద

మొదట 'ఫారెస్ట్ గంప్'ను చూతాము. విన్‌స్టన్ గ్రూమ్ 1986లో రచించిన నవలను రాబర్ట్ జెమెకిస్ చిత్రంగా తీసినాడు. అలబామా రాష్ట్రానికి చెందిన ఒక మందబుద్ధి, అయినా నిర్మలహృదయుడు, దేశచరిత్రలోని పెద్ద ఘట్టాలన్నింటిలోనికి తెలియకుండానే నడచిపోతాడు. కెన్నెడీతో కరచాలనం చేస్తాడు, వియత్నాం యుద్ధానికి పోతాడు, నిక్సన్‌ను కలుసుకొంటాడు. నాయకుల పాత వార్తాచిత్రాలలో నటుడు టామ్ హాంక్స్ బొమ్మను కంప్యూటరు సహాయంతో అతుకు కనబడకుండా చేర్చినారు. ఆనాటికి అతి నవీనమైన ఆ యంత్రకౌశలాన్ని వారు దేనికి వినియోగించినారు? పాత కాలంలోనికి తిరిగి ప్రవేశించడానికి. అమెరికాలోనే దాదాపు 33 కోట్ల డాలర్లు వసూలు చేసి, ఉత్తమ చిత్రంతో సహా 6 ఆస్కార్ బహుమతులు గెలుచుకొన్న ఆ చిత్రం, ఆ దేశం తన యౌవనాన్ని అద్దంలో చూచుకొన్న చిత్రం. ఆ కథకు అట్టి శక్తి ఉన్నది గనుకనే 2022లో హిందీలో 'లాల్ సింగ్ చడ్ఢా'గా మన దేశచరిత్రను తొడుగుకొన్నది. అందులో కథానాయకుని మిత్రుడైన బాలరాజు అనే తెలుగు సైనికుని పాత్రను అక్కినేని నాగచైతన్య ధరించినాడు.

ఆగస్టు నెలలో మరొక పునర్దర్శనం జరిగినది. 1969లో న్యూయార్కు రాష్ట్రంలో వుడ్‌స్టాక్ పేరిట జరిగిన సంగీతోత్సవం ఒక తరానికి తీర్థయాత్ర వంటిది. దానికి ఇరువది అయిదేండ్లు నిండిన సందర్భంలో, 1994 ఆగస్టు 12 నుండి 14 వరకు, అదే రాష్ట్రంలో సాగర్టీస్ అనేచోట అదే పేరుతో మరల ఉత్సవం చేసినారు. టిక్కెట్టు వెల 135 డాలర్లు. మూడు లక్షలకు పైగా జనం చేరినారు. మొదటి ఉత్సవంలో వలెనే వాన కురిసినది. మైదానమంతా బురద అయినది. ఇరువది అయిదేండ్ల క్రిందట పాడిన జో కాకర్ మరల పాడినాడు. కాని జనం జ్ఞాపకంలో నిలిచినది గ్రీన్ డే అనే కుర్రవాళ్ల బృందం. ప్రేక్షకులు మట్టిపెళ్లలు రువ్వగా, వారు తిరిగి రువ్వినారు. పెద్దలు తమ గతాన్ని పునఃప్రతిష్ఠ చేయబోతే, పిల్లలు దానిమీద బురద చల్లి ఆడుకొన్నారు. నేడు ఆ పిల్లలే ఏబది దాటిన పెద్దలై, ఆ బురదను తలచుకొని కన్నీరు పెట్టుకొంటున్నారు.

ఉత్సవం ఆరంభమైన ఆగస్టు 12వ తేదీనే బేస్‌బాల్ క్రీడాకారులు సమ్మె కట్టినారు. జీతాలకు పరిమితి విధించాలని యజమానులు, వీలులేదని క్రీడాకారుల సంఘం పట్టుపట్టగా, సెప్టెంబరు 14న ఆ యేటి వరల్డ్ సిరీస్ పోటీలను రద్దు చేసినారు. 1904 తరువాత అది జరగని సంవత్సరం అదే. రెండు ప్రపంచ యుద్ధాలు సైతం దానిని ఆపలేకపోయినవి. 74 గెలుపులతో, 40 ఓటములతో అందరికంటే ముందున్న మాంట్రియల్ జట్టు నోటి ముందరి ముద్ద నేలపాలైనది. పదేండ్ల తరువాత ఆ జట్టే ఆ నగరాన్ని విడిచి వాషింగ్టన్‌కు పోయినది. రద్దు ప్రకటించిన నాలుగు దినాలకే, సెప్టెంబరు 18న, కెన్ బర్న్స్ తొమ్మిది భాగాలుగా నిర్మించిన బేస్‌బాల్ చరిత్ర టెలివిజన్‌లో ప్రారంభమైనది. ఆట లేదు, ఆటను గురించిన జ్ఞాపకం మాత్రం రాత్రి తరువాత రాత్రి ప్రదర్శితమైనది. ఆ సంవత్సరానికి ఇంతకంటే తగిన ఉపమానం వెదకినా దొరకదు.

ఇట్టివి ఇంకను ఉన్నవి. 1926లో పుట్టిన టోనీ బెనెట్ కుర్రకారు చూచే ఎంటీవీలో పాత పాటలు పాడినాడు. ఆ రికార్డుకు మరుసటి సంవత్సరం ఉత్తమ ఆల్బంగా గ్రామీ బహుమతి లభించినది. 1980లో విడిపోయిన ఈగల్స్ బృందం మరల కలిసినది. 'ది లయన్ కింగ్' చేతితో గీసిన బొమ్మల కళకు శిఖరం. మరుసటి యేడు నవంబరులో, పూర్తిగా కంప్యూటరుతో నిర్మించిన 'టాయ్ స్టోరీ' వచ్చి ఆ కళకు సంధ్యాకాలాన్ని తెచ్చినది.

ఏప్రిల్ దుఃఖం

ఆ యేటి సంతోషాల నడుమ ఒక మరణం ఉన్నది. మన 'నిర్వాణ' శబ్దాన్నే పేరుగా పెట్టుకొన్న బృందానికి నాయకుడు కర్ట్ కొబెయిన్, ఏప్రిల్ 5న సియాటిల్‌లోని తన ఇంట ఆత్మహత్య చేసుకొన్నాడు. వయస్సు 27. మూడు దినాల తరువాత గాని లోకానికి తెలియలేదు. ఏప్రిల్ 10న ఆ నగరంలో వేలమంది యువకులు కొవ్వొత్తులు పట్టుకొని గుమిగూడినారు.

దానికి అయిదు నెలల ముందు, 1993 నవంబరు 18న, అతడు న్యూయార్కులో ఎంటీవీ కొరకు ఒక కచ్చేరి చేసి ఉన్నాడు. హోరెత్తించే గిటారుల మోతకు పేరుపడిన ఆ బృందం ఆనాడు ఆ హోరును తగ్గించి, మెల్లగా పాడినది. అతని కోరికపై వేదికను లిల్లీ పూలతో, నల్లని కొవ్వొత్తులతో అలంకరించినారు. పాడిన పదునాలుగు పాటలలో ఆరు అతనివి కావు, ఇతరులవి. చివరి పాట, దక్షిణాది నల్లజాతి గాయకుడైన లెడ్‌బెల్లీ కంఠాన ప్రసిద్ధి పొందిన ఒక పాత జానపదగీతం. అనగా కొత్త తరానికి గొంతుక అని లోకం పొగడినవాడు కూడ తన దుఃఖాన్ని చెప్పుకొనడానికి పాత పాట వద్దకే పోయినాడు. కాని అతడు పోయిన తీరు వేరు. అతడు గతాన్ని పండుగగా చేసుకొనలేదు. అందులోని నొప్పిని వెదకి తీసుకొన్నాడు.

అతని మరణం తరువాత ఆ కచ్చేరిని మాటిమాటికి ప్రసారం చేసినారు. నవంబరు 1న అది రికార్డుగా వెలువడి పట్టికలో మొదటి స్థానంలో నిలిచినది. దుఃఖించేవారికి అది ఓదార్పు, అమ్మేవారికి సరకు. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో ఆనాడు ఎవరూ గీయలేకపోయినారు. అతడు మరణించి మూడు నెలలు తిరగకముందే ఆ గీత పూర్తిగా చెరిగిపోయినది.

జూన్ 17

ఓ.జె. సింప్సన్ ఫుట్‌బాల్ వీరుడు. పిమ్మట సినిమా నటుడు. 1994 మార్చిలో విడుదలైన ఒక హాస్యచిత్రంలో పోలీసు వేషంలో జనాన్ని నవ్వించినాడు. జూన్ 12 రాత్రి లాస్ ఏంజిలిస్‌లో అతని మాజీ భార్య నికోల్ బ్రౌన్ సింప్సన్, ఆమె మిత్రుడు రోనాల్డ్ గోల్డ్‌మన్ హత్యకు గురి అయినారు. నేరం మోపబడిన సింప్సన్ 17వ తేదీన లొంగిపోవలసి ఉండగా, మిత్రుడు నడుపుతున్న తెల్లని కారులో బయలుదేరినాడు. వెనుక పోలీసు కార్లు, పైన హెలికాప్టర్లు. దాదాపు 9 కోట్ల 50 లక్షల మంది టెలివిజన్ ముందు కదలక కూర్చొని ఆ దృశ్యాన్ని చూచినారు. న్యూయార్కులో జరుగుతున్న బాస్కెట్‌బాల్ ఫైనల్ పోటీని సైతం ప్రసారసంస్థ తెర మీద ఒక మూలకు నెట్టివేసినది. అదే దినం చికాగోలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు ఆరంభమైనవి; పట్టించుకొన్నవారు కొద్దిమంది. రహదారి వంతెనల మీద జనం నిలబడి చేతులు ఊపినారు, కేకలు వేసినారు, అట్టల మీద వ్రాతలు వ్రాసి పట్టుకొన్నారు.

నేడు ఆ సాయంకాలాన్ని తలచుకొనేవారు, ఆ వేళ తాము ఎక్కడ ఉన్నదీ, ఏమి తింటున్నదీ చెప్పుకొంటారు. అది కూడ కలిసి చూచిన వేడుకలలో ఒకటిగా జ్ఞాపకాల పెట్టెలో చేరినది. కాని ఆ వేడుకకు మూలం రెండు ప్రాణాలు పోవడం, ఇద్దరు బిడ్డలు తల్లిలేనివారు కావడం. 1995 అక్టోబరు 3న న్యాయనిర్ణేతలు సింప్సన్‌ను నిర్దోషిగా విడుదల చేసినారు. 1997లో సివిలు న్యాయస్థానం ఆ మరణాలకు అతడే బాధ్యుడని తీర్పు చెప్పినది. 2024 ఏప్రిల్‌లో అతడు మరణించినాడు. వాదాలు అట్లే ఉన్నవి. ఒక్క సంగతి మాత్రం స్పష్టం. తోలుబొమ్మల తెర మీద ఆడేవి బొమ్మలు. ఆట ముగియగానే వాటిని పెట్టెలో పెడతారు. ఆ సాయంకాలం తెర మీద ఆడినవి నిజమైన మానవ జీవితాలు. ఉమ్మడిగా చూచే భాగ్యాన్ని కోల్పోయినామని వగచేవారు, ఆ చూపు ఆనాడు దేనిని ఆటగా చేసుకొన్నదో కూడ తలచుకోవలసి ఉన్నది.

ఎవరూ చూడనివి

మరి, ఆ చూపు దేనిని చూడలేదు? అసలు ప్రశ్న ఇది.

'ఫారెస్ట్ గంప్' జూలై 6న విడుదలైనది. దానికి ముందుదినం, జూలై 5న, వాషింగ్టన్ రాష్ట్రంలో జెఫ్ బెజోస్ ఒక చిన్న కంపెనీని నమోదు చేయించినాడు. అదే తరువాత అమెజాన్ అయినది. కొబెయిన్ మరణానికి ముందుదినం, ఏప్రిల్ 4న, నెట్‌స్కేప్‌గా పేరు పొందబోయే కంపెనీ పుట్టినది; దాని బ్రౌజరు డిసెంబరులో వెలువడినది. ఒకే తెర ముందు కూర్చొన్న ఊరిని కోట్ల తెరలుగా విడగొట్టబోయే శక్తులు ఆ యేడే ఊపిరి పోసుకొన్నవి. దేశమంతా వెనుదిరిగి చూస్తూ ఉండగా రానున్న కాలం దాని వీపు వెనుక నిశ్శబ్దంగా గడప దాటినది.

ఏప్రిల్ 19న 'ఇల్‌మాటిక్' అనే రాప్ రికార్డు వచ్చినది. పాడినది నాస్ అనే ఇరువది ఏండ్ల యువకుడు. న్యూయార్కులోని క్వీన్స్‌బ్రిడ్జి అనే పెద్ద ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగిన అతడు, నలుబది నిమిషాలైనా లేని ఆ రికార్డులో తన వీధిని, జైళ్లకు పోయిన స్నేహితులను వర్ణించినాడు. విమర్శకులు మెచ్చినారు, అమ్మకాలు మాత్రం నెమ్మదిగా సాగినవి. నేడు ఆ రంగంలో శ్రేష్ఠమైన వాటిలో ఒకటిగా దానిని ఎన్నుతారు. ఆ యేడు బంగారు యేడని చెప్పుకొనేవారు ఈ రికార్డును ఒకసారి వినాలి. ఆ యేడు అమెరికాలో 23,000కు పైగా హత్యలు జరిగినవి. సెప్టెంబరు 13న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం లక్ష పోలీసు ఉద్యోగాలకు, కొత్త జైళ్లకు ధనం కేటాయించినది. ఒకే సంవత్సరం ఒక ఇంట హాస్యకథ, మరొక ఇంట కన్నీటికథ. జ్ఞాపకం సాధారణంగా మొదటి ఇంటి వారిదే అవుతున్నది.

జైళ్లకు ధనం కేటాయించిన మరుసటి నెలలో, అక్టోబరు 14న, జైలు జీవితాన్ని గురించిన ఒక చిత్రం దేశమంతటా విడుదలైనది. అదే దినం విడుదలైన 'పల్ప్ ఫిక్షన్' కేన్స్ ఉత్సవంలో మేనెలలోనే పరమోన్నత బహుమతి పొంది కీర్తితో వచ్చినది. ఈ రెండవ చిత్రం పేరు 'ది షాషాంక్ రిడెంప్షన్'. స్టీఫెన్ కింగ్ 1982లో వెలువరించిన ఒక పెద్ద కథ దీనికి ఆధారం. దర్శకుడు ఫ్రాంక్ డారాబాంట్. చేయని నేరానికి యావజ్జీవ శిక్ష పొందినవాడు ఇరువది ఏండ్ల వరకు ఆశను విడువకుండా ఉండడం ఇందలి కథ. దాదాపు 2 కోట్ల 50 లక్షల డాలర్లు వ్యయమైన ఈ చిత్రం మొదటి ప్రదర్శనలో 1 కోటి 60 లక్షలు మాత్రమే రాబట్టినది. పేరు నోరు తిరగదన్నారు; స్త్రీ పాత్రలు లేవన్నారు. ఏడు ఆస్కార్ బహుమతులకు పరిశీలించి ఒక్కటీ ఇవ్వలేదు.

పిమ్మట జరిగినది విశేషం. 1995లో వీడియో దుకాణాలలో జనం దానిని అద్దెకు తెచ్చుకొన్నారు. చూచినవారు తమవారికి చెప్పినారు. 1997 నుండి ఒక కేబుల్ టెలివిజన్ సంస్థ దానిని మరల మరల ప్రసారం చేసినది. మధ్యాహ్నం పనిలేక కూర్చొన్నవాడు, రాత్రి నిద్రపట్టనివాడు, ఎక్కడో మధ్యలో చూడనారంభించి చివరి వరకు లేవలేకపోయినాడు. ఇట్లు ఒక్కొక్కరుగా, ఒంటరిగా, దానికి కోట్లమంది ప్రేక్షకులు ఏర్పడినారు. 2015లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం దానిని భద్రపరచవలసిన చిత్రాలలో చేర్చినది. ఊరంతా ఒక్కసారిగా కూర్చొని చూడకపోయినా ఒక కథ ఊరందరిదీ కాగలదని ఈ చిత్రం రుజువు చేసినది.

కనుక గతాన్ని ప్రేమించడం దోషం కాదు. ఎట్లు ప్రేమిస్తున్నామన్నదే ప్రశ్న. 1994ను తలచుకొనేవారు, ఆనాడు అందరూ చప్పట్లు కొట్టిన వాటిని మాత్రమే తలచుకొంటే, ఆ యేటి పొరపాటునే మరల చేసినవారవుతారు. ఆనాడు వెనుదిరిగి చూస్తూ ఎదుట ఉన్నదానిని గమనించనివారి వలెనే, నేడు వీరు తమ కాలాన్ని గమనించకుండా పోతారు. వ్యాసుని మాట తల్లిని గతంలో కూర్చోబెట్టడానికి చెప్పినది కాదు. లేచి బయలుదేరమని చెప్పినది. ఆమె కోడండ్రతో తపోవనానికి బయలుదేరినది కూడ.

'షాషాంక్' చిత్రాన్ని ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్ అనే ఊర ఒక పాత జైలులో తీసినారు. 1990లోనే ఆ జైలు మూతపడినది. కూలగొట్టబడవలసిన ఆ రాతికట్టడాన్ని చరిత్రాభిమానులు నిలబెట్టుకొన్నారు. నేడు దూరప్రాంతాల నుండి జనం టిక్కెట్టు కొని వచ్చి, ఆ ఇనుప చువ్వల నడుమ నడచి, ఆ గోడలను తాకి పోతున్నారు. వారిలో ఎందరు 1994 అక్టోబరులో ఆ చిత్రాన్ని థియేటరులో చూచినవారు? చాల కొద్దిమంది. తక్కిన కుర్చీలు ఆనాడు ఖాళీగా ఉన్నవి.

ఈ సంవత్సరం కూడ ఎక్కడో ఒక ఊర, ఖాళీ కుర్చీల ముందు ఒక మంచి చిత్రం ఆడుతూనే ఉంటుంది.